జెడ్డా ఎంత దూరం?

హైదరాబాద్ నుంచి జెడ్డాకు ఆకాశమార్గాన సుమారు 4,100 కిలోమీటర్లు. నేరుగా పోయే విమానంలో ఆరు గంటల లోపే. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. పొద్దున ఎనిమిదింటికి ఎక్కినవాళ్లు జొహర్ నమాజు వేళకు ముందే దిగుతారు.

మా తాతలకు ఈ దూరం గంటల్లో లేదు, నెలల్లో ఉండేది. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి దాకా నిజాం రైలు పడ్డాక బొంబాయి దగ్గరైంది. అక్కడ ఓడ కోసం ముసాఫిర్‌ఖానాల్లో పడిగాపులు. ఆ తర్వాత రోజుల తరబడి సముద్రం. 1882 నుంచి ఎర్ర సముద్రంలోని కమరాన్ దీవిలో క్వారంటైన్. ఓడ యలంలం దిక్కుకు చేరగానే ఎహ్రాం కట్టేవారు. మక్కాలో హైదరాబాద్ రాజ్యం వాళ్లు దిగడానికి నిజాం కాలపు రుబాత్‌లుండేవి.

తిరిగొస్తామన్న నమ్మకం లేని సఫర్ అది. అందుకే బాకీలు తీర్చి, వీధి వీధీ తిరిగి "కహా సునా మాఫ్ కరో" అని అడిగి బయల్దేరేవారు. ఆ మాఫీ కులాన్ని, మతాన్ని చూసి అడిగింది కాదు. పొలం గట్టు పంచుకున్న రైతునూ, అప్పిచ్చిన షావుకారునూ అడిగిందే. దూరం ఎక్కువైన కొద్దీ పొరుగువాడు దగ్గరయ్యేవాడు.

1995తో బొంబాయి హజ్ ఓడలు ఆగిపోయాయి. అందరికీ విమానమే దారి అయింది. దాంతోపాటు సబ్సిడీ మాట పెద్దదైంది. "మా పన్నులతో మీ యాత్రలు" అనే ఎత్తిపొడుపు మేం ఏళ్ల తరబడి విన్నాం. ఆ సొమ్ము హాజీ చేతికి ఏనాడూ రాలేదు, టికెట్ ధరలో తేడా కింద విమాన సంస్థలకు చేరింది. నింద మాత్రం మా ఖాతాలో పడింది. పదేళ్లలో దాన్ని ఎత్తేయాలని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో ప్రభుత్వం ఎత్తేసింది. అప్పు చేసి హజ్‌కు పోవాలని మా దీన్ చెప్పదు, స్తోమత ఉన్నవాళ్లకే అది ఫర్జ్. సబ్సిడీ పోయిందని మాలో ఎందరో బాధపడలేదు. ఎత్తిపొడుపు ఆగనందుకు బాధపడ్డాం.

అదే విమానంలో కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల కూలీలూ పోతారు. వాళ్లలో ముస్లిమేతరులూ ఉన్నారు. వాళ్లు పంపే పైసలతో ఇక్కడ ఇళ్లు లేస్తాయి. ఆ ప్రయాణాన్ని ఎవరూ దేశం మీద ప్రేమ లేకపోవడం అనరు. పడమటికి తిరిగి నమాజు చేసే మమ్మల్ని మాత్రం, మీ మనసెక్కడుంది అని అడుగుతారు.

మా ముఖం కాబా వైపు, మా పాదాలు ఈ మట్టి మీద. ఈ రెంటి మధ్య మాకే తగవూ లేదు. నెలల దూరం ఆరు గంటలకు దిగింది. పక్కింటి గడప దాకా ఉన్న దూరం మాత్రం పెరుగుతోంది. దాన్ని తగ్గించే విమానం లేదు. "కహా సునా మాఫ్" అనే పాత మాటే కావాలి, ఈసారి రెండు వైపుల నుంచీ.