కారు వేడెక్కితే స్టార్ట్ కావట్లేదా? పార్టులు మార్చే ముందు ఇవి చూడండి

పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయిన కారు.. హైవే మీద పెట్రోల్ బంకులో ఆపాక మొండికేస్తుంది. అరగంట ఆగితే మళ్లీ మామూలే. లక్ష కిలోమీటర్లు దాటిన పాత పెట్రోల్ కార్లలో కనిపించే సమస్య ఇది. ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోయి జేబు ఖాళీ చేసుకునే ముందు.. తాళం తిప్పినప్పుడు ఇంజిన్ ఎలా తిరుగుతోందో గమనించాలి.

ఇంజిన్ తిరగకపోయినా, మెల్లగా తిరిగినా: ముందు బ్యాటరీ, టెర్మినళ్లు, ఎర్త్ వైరు చూడాలి. ఫుల్ ఛార్జ్ ఉన్న బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇవన్నీ బాగుంటే అనుమానం సెల్ఫ్ మోటార్ మీదే. పాతబడిన మోటార్ వేడికి బిగుసుకుంటుంది.

బాగా తిరిగినా స్టార్ట్ కాకపోతే: తాళం రెండు మూడు సార్లు ఆన్, ఆఫ్ చేసి సెల్ఫ్ కొట్టండి. అప్పుడు స్టార్టయితే లైన్‌లో పెట్రోల్ ప్రెజర్ నిలవట్లేదని అనుమానించాలి. పంపులోని చెక్ వాల్వ్, ఇంజెక్టర్లు చెక్ చేయించాలి.

సెన్సర్ల సంగతి: సెల్ఫ్ కొడుతున్నా స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా ఉంటే క్రాంక్ సెన్సర్ లేదా దాని వైరింగ్ చూడాలి. ఇంజిన్ కాలిపోతున్నా కూలెంట్ టెంపరేచర్ 30 డిగ్రీలే చూపిస్తే ఆ సెన్సర్ తప్పు చెబుతున్నట్టే. దాంతో పెట్రోల్ ఎక్కువ వెళ్లి ప్లగ్గులు తడుస్తాయి.

చల్లారాక షెడ్డుకి తీసుకెళ్తే లోపం దొరకదు. వేడి మీదే మెకానిక్‌కు చూపించాలి. ఒకేసారి 10 సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దు. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత అస్సలు తీయొద్దు.