బడి మరుగుదొడ్డి కడిగే మనిషి కార్మికురాలు కాదా? పశ్చిమ ప్రకాశంలో ఆయాలు, వంటమనుషుల పని ప్రమాదాలు

బడి సిబ్బంది ఆరోగ్యం అనగానే టీచర్ల గొంతు నొప్పి, సుద్ద దుమ్ము, బీపీ గుర్తుకొస్తాయి. అవీ నిజమైన బాధలే. కానీ ప్రభుత్వ బడిలో ఒంటికి ఎక్కువ ముప్పున్న పనులు చేసేది జీతాల బిల్లులో పేరు లేని మహిళలు: మరుగుదొడ్లు కడిగే ఆయా, మధ్యాహ్న భోజనం వండే వంటమనిషి. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ ఇద్దరి గురించే ఇక్కడ రాస్తున్నాం.

ఆయాల ఏర్పాటు 2021లో మొదలైంది. అమ్మ ఒడి కింద తల్లికి ఇచ్చే 15,000 రూపాయల నుంచి 1,000 తీసి మరుగుదొడ్ల నిర్వహణ నిధి పెట్టారు. తర్వాత కోత 2,000 అయింది. 2025లో తల్లికి వందనం వచ్చినా ఖాతాలో పడింది 13,000, మిగతా 2,000 బడి నిర్వహణకు. ఆయాకు నెలకు 6,000 రూపాయల గౌరవ వేతనం, నియామకం పేరెంట్స్ కమిటీ ద్వారా. అంటే దళితవాడ తల్లి డబ్బులో కోసిన సొమ్ముతో ఆ వాడ మనిషినే కనీస వేతనం కంటే తక్కువకు పెట్టుకుంటున్నారు. యజమాని ఎవరని అడిగితే కమిటీ హెడ్ మాస్టర్ని, హెడ్ మాస్టర్ మండల విద్యాశాఖను చూపించే వీలు ఈ ఏర్పాటులోనే ఉంది.

ఇక నీళ్లు. 2019 నవంబరులో మొదలైన నాడు–నేడు పనుల్లో నీటి వసతి ఉన్న మరుగుదొడ్లు ముఖ్యమైన అంశం. గోడలకు టైల్స్, లోపల కుళాయిలు వచ్చాయి. కుళాయిలోకి నీళ్లు రావాలంటే బోరులో ఉండాలి కదా. ఎండాకాలం ట్యాంకర్ల మీద బతికే ప్రాంతం ఇది. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఆ నీళ్ల కోసం ఎదురుచూపు మాత్రం అలాగే ఉంది. బోరు ఎండితే ఫ్లష్ దొడ్డి కూడా పాత పాయిఖానా కింద మారిపోతుంది. గట్టిపడిన మలాన్ని చీపురుతో, రేకుతో గీకాలి, దూరం నుంచి బకెట్లు మోసి పోయాలి.

ఇక్కడ చట్టాన్ని జాగ్రత్తగా చదవాలి. 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం, పూర్తిగా కుళ్లకముందే మలాన్ని మనిషి చేతులతో తీయాల్సి వచ్చే దొడ్డి 'అపరిశుభ్ర మరుగుదొడ్డి'. నియామకం రెగ్యులరా కాంట్రాక్టా అన్న తేడా లేదు. కేంద్రం నోటిఫై చేసిన పరికరాలు, రక్షణ సామగ్రితో శుభ్రం చేసేవారికి మాత్రమే మినహాయింపు. అవి ఇవ్వని బడి ఆ మినహాయింపు వెనక దాక్కోలేదని మా వాదన. 'మా బడిలో ఉన్నవి ఫ్లష్ దొడ్లు' అన్న జవాబు దగ్గర ఆగిపోకుండా, మే నెలలో, జూన్‌లో అందులో నీళ్లున్నాయా అని అడగాలి. సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ లేకుండా దించితే మొదటి నేరానికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. ఎస్సీ, ఎస్టీలతో పాకీపని చేయిస్తే 2016 జనవరి నుంచి అట్రాసిటీ నేరం కూడా.

రసాయనాల సంగతి ఆయాలందరికీ చెప్పాల్సినది. బ్లీచింగ్ పౌడర్, బాత్రూమ్ ఆసిడ్ ఒకేసారి వాడకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ లేని చిన్న గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ఎక్కువైతే ప్రాణం తీస్తుంది. నీళ్లు తక్కువైన చోట మరక పోవడానికి ఆసిడే ఎక్కువ పోస్తారు. పలకలకు పేరున్న మార్కాపురంలో రాతి దుమ్ము పీల్చిన కార్మికుడి రోగానికి సిలికోసిస్ అని చట్టంలో పేరుంది, వృత్తి రోగాల జాబితాలో చోటుంది. ఆయా దగ్గుకు ఇంకా ఏ జాబితాలోనూ చోటు లేదు.

వంటగదిలో ముప్పు వేరు. గుండిగెడు అన్నం దించడం, గంజి వార్చడం, మరిగే సాంబారు మోయడం. నిబంధన ప్రకారం 25 మంది పిల్లల దాకా ఒకరు, వంద దాకా ఇద్దరు, ఆపైన ప్రతి వందకూ ఒకరు. 2023లో రాగి జావ చేరి ఉదయం పని పెరిగింది, ఈ లెక్క మారలేదు. కట్టెల పొయ్యి ఉన్నచోట పొగ అదనం. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు ఎంత మరగబెట్టినా ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ గాఢత పెరుగుతుంది. ఫ్లోరోసిస్‌తో కీళ్లు బిగుసుకుపోయిన మనిషికి ఆ బకెట్లు, గుండిగలు మోయడం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

2004లో కుంభకోణం బడి వంటశాలలో మొదలైన మంటలకు 94 మంది పిల్లలు చనిపోయారు. పదేళ్లకు కింది కోర్టు శిక్షించిన వారిలో వంటమనిషి కూడా ఉంది. పూరికప్పు కింద పొయ్యి పెట్టాలన్న నిర్ణయం మాత్రం వంటమనిషి తీసుకునేది కాదు.

వంట పనుల్లో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆదేశించింది. వంటకు దళిత మహిళ వస్తే ముఖం తిప్పుకునేవాళ్లు, దొడ్డి కడగడానికి వస్తే ఎన్నడూ అభ్యంతరం చెప్పరు. వంటమనిషికి ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి నెలకు 3,000. ఉత్తరప్రదేశ్‌లో ఒక వంటమనిషికి 1,000 ఇవ్వడాన్ని అలహాబాద్ హైకోర్టు 2020 డిసెంబరులో రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టిచాకిరీ అంది. కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకోవడం వెట్టేనని సుప్రీంకోర్టు 1982లోనే ఆసియాడ్ కార్మికుల కేసులో చెప్పింది. స్కీమ్ వర్కర్లను కార్మికులుగా గుర్తించాలని 2013లో 45వ భారత కార్మిక సదస్సు సిఫారసు చేసింది.

సంఘాలు ముందుగా సమాచార హక్కు కింద మండలం వారీగా అడగాల్సినవి: ఆయాకు గ్లౌజులు, బూట్లు, మాస్కు ఎప్పుడు ఇచ్చారు, సెప్టిక్ ట్యాంకు ఎవరు, ఏ యంత్రంతో తీశారు, బోరు ఎన్ని నెలలు పనిచేసింది. 2013 చట్టం 24వ సెక్షన్ ప్రకారం జిల్లాకూ, ప్రతి సబ్ డివిజన్‌కూ విజిలెన్స్ కమిటీ ఉండాలి. జిల్లా కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. మార్కాపురం డివిజన్ కమిటీ చివరి సమావేశం మినిట్స్ కాపీ కూడా ఆ దరఖాస్తులోనే అడగొచ్చు.