నాలుగో వంతును వదిలేసిన పరీక్ష

కుళ్లిన వేళ్లు, ఆకులు, పశువుల ఎరువు, సూక్ష్మజీవుల అవశేషాల రూపంలో నేలలో నిలిచిన కర్బనాన్ని సేంద్రియ కర్బనం అంటారు. మట్టిని కొలిమిలో ఆక్సిజన్ నడుమ కాల్చి, వెలువడిన కార్బన్ డయాక్సైడును పట్టి తూచడం దానిని కొలిచే నమ్మకమైన పాత పద్ధతే గాని, వందలాది నమూనాలు వచ్చిపడే ప్రయోగశాలకు అది మోయలేని భారం. అందుకే 1927లో షోలెన్‌బర్గర్ మంట మీద వేడిచేసిన క్రోమిక్ ఆమ్లంతో కర్బనాన్ని ఆక్సీకరించే సులువు మార్గం చూపగా, ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రానికి చెందిన వాక్లీ, బ్లాక్ 1934లో ఆ మంటను కూడా తొలగించారు.

వారి పద్ధతిలో గ్రాము మట్టికి 10 మిల్లీలీటర్ల పొటాషియం డైక్రోమేట్ ద్రావణం, దానిపై 20 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే, ఆ కలయికలో పుట్టే వేడికే ఫ్లాస్కు సుమారు 120 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. అరగంట తరువాత నీరు, ఫాస్ఫారిక్ ఆమ్లం, డైఫినైలమీన్ సూచిక చేర్చి, బ్యూరెట్ నుండి ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేటును చుక్కచుక్కగా వదులుతారు. ముదురు ఊదా రంగు ఒక్క చుక్కతో పచ్చగా మారినచోట ఆగి, ఖర్చు కాకుండా మిగిలిన డైక్రోమేటును బట్టి కర్బనాన్ని లెక్కగడతారు.

అయితే ఆ వేడికి కర్బనమంతా ఆక్సీకరణ చెందదు. సగటున 77 శాతమే చెందుతుందనుకుని, వచ్చిన ఫలితాన్ని 1.3తో గుణించడం ఆనవాయితీ అయింది. నిజానికి ఆ శాతం నేలనుబట్టి, లోతునుబట్టి మారుతుంది. బొగ్గు కణాలైతే దాదాపు చెక్కుచెదరవు. చౌడు నేలల్లోని క్లోరైడ్లు కూడా డైక్రోమేటును తినేసి, లేని కర్బనాన్ని ఉన్నట్టు చూపుతాయి కనుక, అలాంటిచోట ఆమ్లంలో సిల్వర్ సల్ఫేట్ కలుపుతారు. వాక్లీ స్వయంగా 1947లో తన పద్ధతిని మళ్లీ నిశితంగా పరీక్షకు పెట్టాడు. ఆ గుణకాన్ని కళ్లు మూసుకుని వాడిన తరువాతివారి కంటే అతడే ఎక్కువ జాగ్రత్తపరుడనిపిస్తుంది.

భారతదేశపు భూసార పరీక్షా కేంద్రాల్లో ఈ పద్ధతి స్థిరపడింది. సేంద్రియ కర్బనం 0.5 శాతానికి లోబడితే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ, నడుమ ఉంటే మధ్యస్థం అనే వర్గీకరణ ఆంధ్ర, తెలంగాణ రైతులకూ పరిచితమే. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పరీక్షించే 12 అంశాల్లో ఇదొకటి. మట్టిని కాల్చి కర్బనాన్ని నిమిషాల్లో చెప్పే నేటి యంత్రాలు సున్నపు కర్బనాన్నీ కలిపి లెక్కిస్తాయి గనుక, సున్నం నిండిన నల్లరేగడికి వాటిని వాడేటప్పుడు ముందు ఆమ్లంతో సున్నాన్ని తొలగించడమో, విడిగా కొలిచి మినహాయించడమో తప్పదు. డైక్రోమేట్ పద్ధతికి ఆ బెడద లేకపోయినా, క్యాన్సర్ కారకమైన ఆరు సంయోజకతల క్రోమియంతో పనిచేయడం, వాడిన ద్రావణాన్ని ప్రమాదకర వ్యర్థంగా పారవేయవలసి రావడం దాని మెడకు చుట్టుకున్నాయి.