ఫ్లైబ్యాక్ డయోడు

స్విచ్ ఆపినపుడు తీగచుట్టలో పుట్టే అధిక వోల్టేజిని అణచే డయోడును ఫ్లైబ్యాక్ డయోడు అంటారు. నూజివీడు మామిడితోటల ట్రాక్టర్లలోను, మచిలీపట్నం వద్ద గిలకలదిండి రేవు మరపడవలలోను డీజిల్ ఇంజను స్టార్టరుకు కరెంటు అందించే సోలినాయిడ్ ఇటువంటి చుట్టయే.

'''పనితీరు''': చుట్టలో కరెంటు హఠాత్తుగా ఆగితే స్వయంప్రేరణ వలన 12 వోల్టుల వలయములో కూడా వందల వోల్టులు పుట్టవచ్చు. స్విచ్ కొనలు కాలుతాయి, ఎలక్ట్రానిక్ భాగాలు చెడిపోతాయి. చుట్టకు సమాంతరముగా, కాథోడు ధన ధ్రువము వైపు ఉండునట్లు డయోడును కలిపితే కరెంటు చుట్టలోనే తిరిగి క్షీణిస్తుంది. వ్యతిరేక వోల్టేజి సుమారు 1 వోల్టుకు పరిమితమవుతుంది. తలక్రిందులుగా కలిపితే షార్టు అవుతుంది.

'''పరిమితి''': ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడితే ఆల్టర్నేటరులో పుట్టే అధిక వోల్టేజిని ఇది ఆపలేదు. సముద్రములో ఇంజను తిరిగి స్టార్టు కాకపోతే పడవ కొట్టుకుపోతుంది గనుక బ్యాటరీ తీగల బిగింపును కూడా బయలుదేరే ముందే చూడవలెను.