పెద్ద పైన్ కాయ ఏ చెట్టుది? డగ్లస్ తుపాకీ పేల్చిన కథ

కాలిఫోర్నియాలో ఉండే మనవాళ్లు వీకెండ్‌కి మౌంట్ డయాబ్లో కొండెక్కి ఒక ఫొటో పెడతారు. చిన్న పనసకాయంత పైన్ కాయ, ఒళ్లంతా కొక్కేలు. "ప్రపంచంలో పెద్దది ఇదేనా?" అని కింద ప్రశ్న.

ముందు ప్రశ్నని సరిచేద్దాం. పెద్దది అంటే పొడవా, బరువా? పైన్ చెట్లలో పొడవు రికార్డు షుగర్ పైన్‌ది. మామూలుగానే 25 నుంచి 50 సెంటీమీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. బరువు రికార్డు కోల్టర్ పైన్‌ది. పొడవు 20 నుంచి 40 సెంటీమీటర్లే గానీ, పచ్చికాయ 2 నుంచి 5 కిలోలు తూగుతుంది. ఆ ఫొటోలో ఉన్నది కోల్టర్ అయ్యే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు అసలు కథ. డేవిడ్ డగ్లస్ అని ఒక స్కాట్లాండ్ కుర్రాడు. లండన్ హార్టికల్చరల్ సొసైటీ అతన్ని కొత్త మొక్కల కోసం అమెరికా పశ్చిమ తీరానికి పంపింది. 1825లో అక్కడి ఆదివాసీల పొగాకు సంచుల్లో అతనికి పెద్ద పెద్ద పైన్ గింజలు కనిపించాయి. చెట్టు చూడలేదు, కాయ చూడలేదు, గింజ చూశాడంతే. ఎక్కడివని అడిగితే దక్షిణాన కొండల్లో అన్నారు. ఆ ఒక్క క్లూ పట్టుకుని మరుసటి ఏడాది బయల్దేరాడు. 1826 అక్టోబర్‌లో, ఇప్పటి ఆరెగాన్ రాష్ట్రంలో ఉంప్‌క్వా నది దగ్గర, దారిలో కలిసిన ఒక ఆదివాసీకి కాయ బొమ్మ గీసి చూపించాడు. ఆయన కొండలవైపు చెయ్యి చూపించాడు. మన భాషలో చెప్పాలంటే ఇమేజ్ సెర్చ్ అన్నమాట.

చెట్టు దొరికింది. పడిపోయి ఉన్న ఒక చెట్టుని కొలిస్తే 215 అడుగులు. నిలబడి ఉన్నవాటి కాయలేమో కొమ్మల చివర, ఎక్కడో ఆకాశంలో. ఎక్కలేడు, నరకలేడు. తుపాకీతో కాల్చి కాయలు రాల్చడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడుకి ఎనిమిది మంది విల్లులు, ఈటెలు పట్టుకుని వచ్చేశారు. అప్పటికి డగ్లస్‌కి 27 ఏళ్లు, ఇంచుమించు నా వయసే. తుపాకీ ఎక్కుపెట్టి నిలబడ్డాడు. కాసేపు ఎవరూ కదల్లేదు. చివరికి వాళ్లు పొగాకు అడిగారు. కాయలు తెచ్చిస్తే ఇస్తానన్నాడు. వాళ్లు వెతకడానికి అటు వెళ్లగానే, చేతిలో ఉన్న మూడు కాయలు, కొన్ని రెమ్మలు పట్టుకుని ఇటు పరుగు.

ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఆ ఎనిమిది మందినే విలన్లని చేస్తారు. నాకు అది నచ్చదు. మనకి దొరికింది డగ్లస్ డైరీ ఒక్కటే. మన ఊరి తోటలో ఎవడో కొత్తవాడు చెట్ల మీదకి తుపాకీ పేలుస్తుంటే మనమేం చేస్తాం? కర్రలు పట్టుకుని రామా? పైగా మాట తప్పింది ఎవరు? పొగాకు ఇస్తానని పారిపోయింది డగ్లసే కదా.

ఆ గింజలు ముందునుంచీ వాళ్ల సంచుల్లో ఉన్నాయి. దారి చూపించిందీ వాళ్లే. చెట్టు శాస్త్రీయ నామం మాత్రం పైనస్ లాంబర్టియానా. అంటే పైన్ చెట్ల మీద పుస్తకం రాసిన ఇంగ్లాండ్ పెద్దమనిషి లాంబర్ట్ పేరు. ఇంకో తమాషా: డగ్లస్ ఫర్ అని మనం విన్న చెట్టు కాయ అరచేతిలో పట్టేస్తుంది.

కోల్టర్ పేరు థామస్ కోల్టర్ అనే ఐర్లాండ్ వృక్షశాస్త్రవేత్తది. 1831లో మాంటెరేలో డగ్లస్, ఆయన కలిశారు కూడా.

సరే, గుర్తుపట్టడం ఎలా? కాయతో పాటు కింద పడిన ఆకుల కట్ట చూడండి. సూదులు ఐదేసి ఉంటే షుగర్ పైన్. యోసెమిటీ వైపు బాగా కనిపిస్తుంది. మూడేసి ఉంటే కోల్టరో, గ్రే పైనో. అసలు తికమక ఇక్కడే. మౌంట్ డయాబ్లో మీద ఈ రెండూ ఉన్నాయి, రెండు కాయలకీ కొక్కేలున్నాయి. గ్రే పైన్ ఆకులు పలచగా, బూడిదరంగులో ఉంటాయి, చెట్టు వెనకున్న ఆకాశం కనిపిస్తుంది. ఇంకా అనుమానం ఉంటే గింజ తీయండి. రెక్క గింజకన్నా పొడవుంటే కోల్టర్, పొట్టిగా ఉంటే గ్రే. డగ్లస్ మొదలుపెట్టిందీ గింజతోనే కదా.

అన్నట్టు, కోల్టర్ కాయకి అక్కడ విడోమేకర్ అని ముద్దుపేరు. ఐదు కిలోలు పైనుంచి పడితే ఏమవుతుందో ఊహించుకోండి. దాని కింద చాప పరిచి పులిహోర డబ్బా మాత్రం విప్పకండి.