పంపు పీకేసిన కారు, పంపును నమ్ముకున్న జీపు

ఫోర్డ్ మోడల్ టి కారు 1908లో అమ్మకానికి వచ్చినప్పుడు దాని ఇంజనుకు వాటర్ పంపు ఉండేది. మొదటి 2,500 బండ్లు అలాగే తయారయ్యాయి. ఆ తర్వాత ఫోర్డ్ వాళ్లు పంపును పీకేశారు. 1927లో ఆ మోడల్ ఆగిపోయేదాకా తయారైన కోటిన్నర కార్లూ దాదాపు పంపు లేకుండానే నడిచాయి. ఈ సంగతి చదివిన రోజు నాకు పట్టరాని సంబరమేసింది. నీళ్లు తిరక్కపోతే ఇంజను పట్టేస్తుందని, పంపు పోతే బండి పోయినట్టేనని ప్రతి మెకానిక్ నోటా విని పెరిగినవాణ్ని మరి.

ఫోర్డ్ కిటుకు చాలా సులువైంది. వేడెక్కిన నీళ్లు తేలికై పైకి పోతాయి. ఇంజను పైనుంచి లావుపాటి గొట్టంలో రేడియేటర్ నెత్తికి చేరి, అక్కడ చల్లబడి, బరువెక్కి అడుగుకు దిగి మళ్లీ ఇంజనులోకి వస్తాయి. దీన్నే థర్మోసైఫన్ అంటారు. తిరిగే భాగం లేదు, అరిగే సీలు లేదు, ఖర్చు తగ్గింది. చదునైన రోడ్డు మీద బాగానే నడిచింది. కొండ ఎక్కాల్సి వచ్చినా, రేడియేటర్లో నీళ్లు కాస్త తగ్గినా బుసబుసా ఆవిరి లేచేది. దాంతో బయటి కంపెనీలు మోడల్ టికి బిగించుకునే పంపులు విడిగా అమ్మడం మొదలుపెట్టాయి. కంపెనీ తీసేసిన వస్తువును కొన్నవాడు తన డబ్బుతో మళ్లీ పెట్టించుకున్నాడు. చివరికి ఫోర్డ్ కూడా మోడల్ టి తర్వాత తెచ్చిన మోడల్ ఏకి పంపు పెట్టక తప్పలేదు.

అంతకు ముందు సంగతి ఇంకా ముచ్చటైనది. 1886 నాటి బెంజ్ మూడు చక్రాల బండిలో నీళ్లు మరిగి ఆవిరై పోవడమే చల్లబరిచే పద్ధతి. 1888లో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు ఆ బండిలో వెళ్లినప్పుడు, దారి పొడుగునా నీళ్లు దొరికిన చోటల్లా ఆగి పోసుకోవాల్సి వచ్చింది. 1900లో విల్హెల్మ్ మేబాక్ తన మెర్సిడెస్ 35 హెచ్.పి. కారుకు 8,070 సన్నటి గొట్టాలతో తేనెపట్టు రేడియేటర్ కట్టి, పంపుతో నీళ్లు తిప్పించాడు. అవే నీళ్లు ఇంజనుకూ రేడియేటర్‌కూ మధ్య తిరుగుతూ ఉండటంతో బండ్ల శక్తి పెరగడానికి దారి దొరికింది.

ఈ పంపు కార్ల కోసం పుట్టింది కాదు. గిర్రున తిప్పి నీళ్లను అంచులకు విసిరే పంపును డెనిస్ పాపిన్ 17వ శతాబ్దంలోనే చేశాడు. ఆ తర్వాత చాలాకాలం దాన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. 1851లో లండన్ మహా ప్రదర్శనలో జాన్ అపోల్డ్ ఒక పంపు పెట్టాడు. వృత్తిరీత్యా ఆయన జంతువుల బొచ్చుతోళ్లకు రంగులు వేసేవాడు. తిరిగే రెక్కల్ని వంపుగా చేయడమే ఆయన చేసిన పని. నిటారు రెక్కల పంపు 24 శాతం పనితనం చూపిస్తే, అపోల్డ్ పంపు 68 శాతం చూపించింది. వెంటనే అలాంటి పంపుతో ఇంగ్లాండులో విట్లెసీ మియర్ అనే పెద్ద సరస్సును ఎండగట్టి పొలాలు చేశారు. అక్కడి నేల ఎంత కుంగుతుందో చూడాలని ఒక ఇనుప స్తంభాన్ని నేలమట్టానికి పాతారు. అది ఆ ప్రదర్శన జరిగిన క్రిస్టల్ ప్యాలెస్ నుంచి తెచ్చిందేనంటారు. ఇప్పుడది నేల మీద సుమారు 4 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. స్తంభం పెరగలేదు, నీళ్లు పోయిన నేల అంత కిందికి దిగిపోయింది. ఒక మంచి పంపు పెద్ద సరస్సునే తుడిచిపెట్టగలదని ఆ స్తంభం దగ్గర ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక నాకు ప్రాణమైన కాలానికి వస్తాను. 1940 వేసవిలో అమెరికా సైన్యం ఓ చిన్న నాలుగు చక్రాల డ్రైవ్ బండి కావాలని కంపెనీలను అడిగింది. బాంటమ్ కంపెనీ కోసం కార్ల్ ప్రాబ్‌స్ట్ నమూనా గీశాడు, 49 రోజుల్లో బండి తయారైంది. కానీ అసలు సత్తా ఉన్న ఇంజను విల్లీస్ కంపెనీ దగ్గర ఉంది. బార్నీ రూస్ అనే ఇంజనీరు తమ పాత నాలుగు సిలిండర్ల ఇంజనును మెరుగుపరుస్తూ 48 నుంచి 60 హార్స్ పవర్‌కు తెచ్చాడు. దాని పేరే గో డెవిల్, 2.2 లీటర్లు.

జీపుగా పేరుపడిన ఈ బండికి థర్మోసైఫన్ పనికిరాదు. నీళ్లు తమంతట తాము ఎక్కి దిగాలంటే రేడియేటర్ ఇంజను కన్నా బాగా ఎత్తుగా ఉండాలి. శత్రువు కంటపడకూడని బండి పొట్టిగా ఉండాలి. పైగా నడిచే సైనికుల పక్కన నడక వేగంతో గంటల తరబడి పోవాలి, బురదలో లో గేరులో గుంజాలి. ఎదురుగాలి ఉండదు, ఇంజను మాత్రం పూర్తి బరువు మోస్తుంటుంది. ఇదంతా పంపు, దాని ముందు బిగించిన ఫ్యాను మోయాలి. రెండింటికీ ఒకటే షాఫ్టు, ఒకటే బేరింగు, తిప్పేది ఒకటే బెల్టు. మోడల్ ఏ పంపుకు గ్రీజు కొడుతూ, ప్యాకింగ్ నట్టు బిగిస్తూ ఉండాలి. జీపు పంపులో బేరింగు లోపలే గ్రీజు పెట్టి మూసేశారు, సీలు తనంతట తానే ఒత్తుకుని ఉండేది. యుద్ధరంగంలో గ్రీజు గన్ను పట్టుకుని తిరిగే తీరిక ఎవరికుంది?

జీపులు చేయడానికి విల్లీస్ ఒక్కటే సరిపోదని ఫోర్డ్‌కు కూడా అదే జీపు చేయమని అప్పగించారు. యుద్ధం ముగిసేసరికి ఇద్దరూ కలిసి 6 లక్షలకు పైగా చేశారు. ఫోర్డ్ తన భాగాల మీద, బోల్టు తలల మీద కూడా ‘ఎఫ్’ అచ్చు వేసుకుంది. అయినా ఒకరి పంపు మరొకరి ఇంజనుకు చక్కగా కూర్చునేది. చెడిపోయిన రెండు జీపుల్లోంచి ఒక నడిచే జీపును లేపగలిగే ఆ ఏర్పాటు కన్నా గొప్ప రూపకల్పన నాకు తెలియదు. లోతు నీళ్లు దాటేటప్పుడు ఫ్యాను నీళ్లు చిమ్మి ఇగ్నిషన్ తడపకుండా డ్రైవర్లు బెల్టు తీసేసేవారు. అంటే ఆ కాసేపు పంపు కూడా ఆగినట్టే. ఒడ్డెక్కగానే బెల్టు మళ్లీ వేసుకోవాలి.

1940ల చివర్లో మహీంద్రా వాళ్లు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. ఆ వంశంలోంచే 1980లలో డీజిల్ ఇంజనుతో ఎంఎం 540 వచ్చింది. ప్రభుత్వ అధికారులు, కాంట్రాక్టర్లు, ఎన్నికల ప్రచారాలు, సినిమాలు అన్నీ ఆ జీపుల మీదే నడిచాయి. బొర్రా గుహల దగ్గర కటికి జలపాతానికి రాళ్ల దారిలో జనాన్ని ఎక్కించుకుని పోతున్నవి ఈనాటికీ జీపులే. వాటి పంపుల బతుకు ఎంత కష్టమో ఆ దారి చూస్తే తెలుస్తుంది.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన పాత జీపు పంపు విప్పుతుంటే పక్కనే కూర్చుని చూశాను. ఇంజను ఆపి, ముందుగా ఫ్యాను రెక్క పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాడు. ‘టక్కు’మని చిన్న చప్పుడు. “బేరింగు లూజైంది బాబూ” అన్నాడు. పంపు పొట్ట కింద వేలు పెట్టి తడిమి చూపించాడు. అక్కడ బియ్యపు గింజ పట్టేంత చిల్లు, దాని చుట్టూ తుప్పు రంగు చార. ఆ చిల్లు పొరపాటున పడింది కాదు, కావాలని పెట్టింది. సీలుకూ బేరింగుకూ మధ్య ఉంటుంది. సీలు అరిగితే నీళ్లు బేరింగులోకి పోకుండా బయటికి కారిపోతాయి. యజమానికి నాలుగు రోజుల ముందే కబురందుతుంది. కొందరు ఆ చిల్లును ఎం-సీల్‌తో మూసేసి కారడం ఆగిందని సంతోషిస్తారు. అప్పుడు నీళ్లు బేరింగును తింటాయి, షాఫ్టు ఊగుతుంది, ఒకరోజు ఫ్యాను వెళ్లి రేడియేటర్‌ను చీరేస్తుంది.

నీళ్లు వంచేసి, డైనమో వదులు చేసి బెల్టు తీసి, ఫ్యాను, హోస్ పైపు, ఆపైన పంపు బోల్టులు ఊడదీశాడు. ఎక్కువసేపు పట్టింది పాత ప్యాకింగ్ ముక్కలు గీకడానికే. ఆ ముఖం అద్దంలా లేకపోతే కొత్త ప్యాకింగ్ నిలవదు. షాఫ్టును ప్రెస్సులో పెట్టి తోసి, కిట్టులోని బేరింగు, సీలు, ఇంపెల్లర్ ఎక్కించి, పాత పోత ఇనుము బాడీనే మళ్లీ బిగించాడు. బెల్టును బొటనవేలితో నొక్కి చూసి, “మరీ టైటు చేస్తే కొత్త బేరింగునూ మనమే చంపినట్టు” అన్నాడు. బోరు నీళ్లు పోయనివ్వలేదు. ఆ ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో గట్టిగా పేరుకుంటుంది. కూలెంటు, శుద్ధమైన నీళ్లు సగం సగం పోస్తే తుప్పూ పట్టదు, మరిగే వేడి కూడా పైకి జరుగుతుంది.

ఆ పని తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. ఇవాళ చాలా పంపులు విప్పడానికి వీలు లేకుండా వస్తున్నాయి. పోతే మొత్తం పారేసి కొత్తది వేయడమే. 2000 దశకంలో బీఎండబ్ల్యూ బెల్టు లేని కరెంటు పంపును మామూలు కార్లకు తెచ్చింది. ఇంజనుకు ఎప్పుడు ఎంత కావాలో అంతే నీరు తిప్పే మంచి పంపు అది, దాని మేలును నేను కాదనను. కానీ ఊపి చూడటానికి ఫ్యాను లేదు, తడిమి చూడటానికి చార లేదు. డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగితే తప్ప దాని ఒంట్లో బాగాలేదని తెలియదు. జబ్బును ముందే చెప్పే యంత్రాన్ని, ఆ మాట వినగల మనిషిని ఒకేసారి పోగొట్టుకుంటున్నాం.

పాత జీపు ఉన్నవాళ్లను నేను కోరేది ఒక్కటే. పంపు మార్చిన రోజు పాత బాడీని పాతసామాన్లవాడికి వేయకండి. మంచి పోత ఇనుము పగలనంత వరకు ఎన్నిసార్లయినా కిట్టు ఎక్కించుకుంటుంది. వీలైతే పని జరిగేటప్పుడు ఇంట్లో కుర్రాణ్నో అమ్మాయినో మెకానిక్ పక్కన కూర్చోబెట్టండి. ఆ పెద్దాయన పనికి తీసుకున్నది ఒక పూట. అది నేర్చుకున్నవాళ్లకు మాత్రం ఆ బండి ఉన్నంతకాలం ఎవరి దయా అక్కర్లేదు.