వాక్యం నేర్పిన మాస్టారు

మిర్యాలగూడ. 1989 నాటి మాట. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద కోతలయ్యాయి. రైస్ మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరాయి. రాత్రంతా కునుకు లేని రైతుల మధ్య తిరిగి వచ్చిన ఓ కుర్ర విలేకరి కాగితం మీద ఇలా పెట్టాడు: 'రైతులచే తీసుకురాబడిన ధాన్యం మిల్లర్లచే తిరస్కరించబడినది.'

ఈ కుర్రాడు నా ఊహే. ఇలాంటివాళ్లు మాత్రం సూర్యాపేటలో, కోదాడలో, ప్రతి మండలంలో ఉండేవారు. 'ఈనాడు' జిల్లా అనుబంధాలు మొదలైంది ఆ ఏడాదే. రాసేవాళ్లు దొరికారు. వాళ్లకు రాయడం నేర్పేదెవరు?

ఆ పనికి కూర్చున్నది పదవీ విరమణ చేసిన పండితుడు, బూదరాజు రాధాకృష్ణ. 1932లో వేటపాలెంలో పుట్టారు. క్రీ.శ. 1100 దాకా వెలసిన తెలుగు శాసనాలను వడపోసి, వాటి భాషా చరిత్ర రాశారు. మాండలిక వృత్తి పదకోశంలో వాస్తు సంపుటం ఆయనదే. తాపీమేస్త్రీలూ వడ్రంగులూ పనిలో వాడే మాటలను నిఘంటువుకెక్కించారు. 1972లో 'వ్యావహారిక భాషా వికాసం' వెలువరించారు. తెలుగు అకాడమీలో పనిచేసి 1988లో విరమించాక ఈనాడు జర్నలిజం స్కూలు ప్రిన్సిపాల్ అయ్యారు.

శాసనాల పండితుడికి విలేకరులతో ఏం పని అనిపించవచ్చు. నాకు మాత్రం ఇంతకన్నా తగిన గురువు కనబడడు. ఎవరు, ఎవరికి, ఎంత భూమి ఇచ్చారో దాన శాసనం తేల్చి చెబుతుంది. వార్త చేయాల్సిందీ అదే. 'రైతులు తెచ్చిన ధాన్యాన్ని మిల్లర్లు కొనలేదు' అని రాస్తే కొననివాళ్లెవరో సూటిగా కనబడతారు. వాడుక భాష కోసం బూదరాజు చేసిన వాదనకు బలం ఇక్కడుంది. చదివే రైతుకు తన కష్టం తన మాటల్లోనే అర్థం కావాలి.

పాఠాలతో ఆగక ఆయన 'మంచి జర్నలిస్టు కావాలంటే' అనే పుస్తకమూ రాశారు. 2006లో కన్నుమూశారు.

అలాంటి మాస్టారి అవసరం మాత్రం తీరలేదు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇందుకోసమే రచనా కేంద్రాలుంటాయి. విద్యార్థి తను రాసింది పట్టుకెళితే, పక్కన కూర్చోబెట్టుకుని చదివి లోపం చూపిస్తారు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007 నుంచి ఉంది. అయినా మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట పిల్లలు ఇవాళ అర్జీ రాయాలన్నా తడుముకుంటున్నారు. ప్రతి డిగ్రీ కాలేజీలో అలాంటి గది ఒకటి, ఓపికున్న మాస్టారు ఒకరు ఉండాలి. విశ్వవిద్యాలయం పెద్దలు ఈ పని వచ్చే విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టాలి.